పుస్తకము వ్రాయుట శిక్ష కాదు



మన సంఘములలో ఒక మాట చాల కాలముగా తిరుగుచున్నది. పుస్తకము వ్రాయుట పండితుల పని, అది కంటికి చేటు, ఒంటికి చేటు, మనవంటి వారికేల అని. ఈ మాట చెప్పువారు తమకు బలముగా ప్రసంగి గ్రంథము పండ్రెండవ అధ్యాయమును తెచ్చి చూపుదురు. పుస్తకముల రచనకు అంతు లేదనియు, మితిమీరిన చదువు ఒడలికి అలసట తెచ్చుననియు అక్కడ ఉన్నది గదా అందురు.

ఉన్నది, నిజమే. గాని వాక్యమును మెడపట్టి ఈడ్చుకొని వచ్చి తమ సోమరితనమునకు సాక్షిగా నిలువబెట్టువారు, ఆ వచనమునకు పైనున్న రెండు మూడు వచనములు ఎందుకు చదువరు? ఆ ప్రసంగియే ఆలోచించి, పరిశీలించి, అనేకమైన సామెతలను వరుసగా కూర్చెనని తొమ్మిదవ వచనములో ఉన్నది. వినువారికి ఇంపైన మాటల కొరకు వెదకెనని పదియవ వచనములో ఉన్నది. ఇంపైన మాటను వెదకువానికి ఆ వెదకులాట కొంతయైనను ఇంపుగా ఉండదా? చేపలు పట్టుట గిట్టనివాడు తెల్లవారుదాక ఏటిగట్టున కూర్చుండునా? అలసట కలదని చెప్పిన ఆ మనుష్యుడే పుస్తకము ముగించి మన చేతికిచ్చెను. ఆ సంగతి మరువకుడి.

నేను వాదింపదలచినది ఇది. వ్రాయువాడు సంతోషింపని పుస్తకము సాధారణముగా ముగియదు. ముగిసినను దానిని ఎవరును చదువరు. కాబట్టి వ్రాతపనిలో సంతోషమును వెదకుట విలాసము కాదు, పాపము అంతకంటె కాదు. అది నాగలికి కట్టిన ఎద్దువంటిది. ఎద్దు లేనప్పుడు కర్రు ఎంత పదునైనదైతేనేమి?

ఏ పుస్తకము అని అడుగుదురేమో. వ్యాఖ్యాన గ్రంథములు వ్రాయుడని మిమ్మును అడుగుట లేదు. మీ ఊరి సంఘపు పుస్తకమును వ్రాయుడి. మీ పేటలో మొదట ప్రభువును నమ్మినదెవరు? ఏ చెట్టు క్రింద ప్రార్థన జరిగెను? నమ్మిన తరువాత ఊరి బావి దగ్గర ఎవరు అడ్డుకొనిరి, ఎవరు చాటుగా కడవ నింపి పంపిరి? గుడికి రాళ్లు మోసిన స్త్రీలెవరు? మొదటి ఉపదేశికి జీతముగా ఏటేట ఎన్ని కుంచముల జొన్నలు కొలిచిరి? ఈ సంగతులు ఏ సెమినరీ గ్రంథాలయములోను దొరకవు. మీ ఇంటి మూలన నులక మంచము మీద కూర్చున్న అవ్వ దగ్గర ఉన్నవి. ముప్పది యేండ్లుగా కాపరిగా తిరుగుచు చూచుచున్నాను: వృద్ధుడొకడు ప్రభువునందు నిద్రించినప్పుడు ఆయన భక్తిని గూర్చి తలకు నాలుగు మాటలు చెప్పుదుము. మట్టివేసి ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్న తరువాత ఎవరో ఒకరు, "ఆ బావి తగవు సంగతి తాతకే తెలుసు, ఒకనాడు అడుగుదామనుకొంటిమి" అందురు. ఆ బావి తగవు సంగతి ఇక భూమిమీద ఎవరికిని తెలియదు.

ఇది చిన్న నష్టమని అనుకొనకుడి. ఒంగోలు సీమను తలంచుకొనుడి. 1866లో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద బాప్తిస్మము పొందెను. తరువాత వచ్చిన గొప్ప కరవులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకమునకు గుత్త పట్టి ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమందే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంగతులు మనకు ఎట్లు తెలిసినవి? దొరగారి భార్యయైన ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అమ్మగారు మన పెద్దలు చెప్పిన కథలను విని, చెప్పులు కుట్టువారి బ్రదుకును గూర్చి ఇంగ్లీషులో ఒక పుస్తకము వ్రాసిరి. 1899లో అది అచ్చయ్యెను. ఆ తల్లికి మనము ఋణపడియున్నాము. గాని ఆలోచింపుడి: ఆ 2,222 మందిలో ఎందరి మాట వారి మునిమనుమల యింటిలో తెలుగు కాగితము మీద ఉన్నది? మన నోటి కథ సముద్రము దాటి, పరాయి భాషలో అచ్చుపడి, పరాయివారు చదివి కన్నీరు కార్చిరి. మన పిల్లలకు మాత్రము అది చేరలేదు.

ఈ మాట వినగానే కొందరు సంఘ పెద్దలు, "మేము నూరేండ్ల పండుగకు సంచిక అచ్చువేయించితిమి గదా" అందురు. అటువంటి సంచికలు అనేకము నా బల్లమీద ఉన్నవి. మొదటి పుటలో ఒక పెద్దగారి పటము, రెండవ పుటలో మరియొక పెద్దగారి పటము, శుభాకాంక్షలు, మరల శుభాకాంక్షలు, ఎరువుల కొట్టువాని ప్రకటన, బట్టల కొట్టువాని ప్రకటన, కమిటీ సభ్యులు వరుసగా నిలువబడిన పటము. సంఘ చరిత్రయో, ఒకటిన్నర పుట. అందులోను ఒక పుట కాపరుల పేర్లును వారు పనిచేసిన సంవత్సరములును. బండెడు ఊకలో రెండు గింజలు! ఆ సంచికను ఇంటికి తీసికొనిపోయి తమ పటము ఉన్నదో లేదో చూచుకొనుటయే గాని, దీపము దగ్గర కూర్చుండి చదివినవారిని ఇంతవరకు చూడలేదు. దానిని కూర్చినవారును చదివియుండరు. చదువవలెనని పుట్టినది కాదది.

మంచి మనస్సుతో మొదలుపెట్టినవారును లేకపోలేదు. క్రొత్త సంవత్సరమున ఒక లావుపాటి నోటుబుక్కు కొందురు. మొదటి పుటలో "సర్వశక్తిమంతుడును సర్వాంతర్యామియునైన దేవాదిదేవుని నిరుపమాన కృపాకటాక్ష వీక్షణ విశేషముచేత" అని ఆరంభింతురు. ఆ వాక్యము ఎక్కడ ముగియవలెనో వారికే తెలియదు. రెండవ పుటలో తమ జన్మస్థలము, తండ్రి పేరు, తాత పేరు. మూడవ పుటలో ఆగిపోవును. ఆ నోటుబుక్కు మిగిలిన పుటలలో తరువాత పాల లెక్కలు వ్రాసికొందురు. పాల లెక్కలు మాత్రము ఏ ఆటంకమును లేక సంవత్సరమంతయు సాగును!

ఆ మనుష్యుడే చావడిలో కూర్చుండి తన తాత కథ చెప్పునప్పుడు చూడుడి. చుట్టు పదిమంది మూగుదురు. దొర ఎట్లు గుఱ్ఱము దిగెను, మునసబు ఎట్లు కేకలు వేసెను, అవ్వ చీపురు పట్టుకొని ఎట్లు ఎదురు నిలిచెను, అన్నియు చేతులతో, కన్నులతో చెప్పును. వినువారు నవ్వుదురు, ఏడ్చుదురు, "తరువాతో?" అందురు. కలము చేతికియ్యగానే అతడు కొయ్యయైపోవును. నోటికి లేని భయము చేతికి ఎక్కడనుండి వచ్చెను? మనమే పెట్టితిమి. బడిలో వ్యాసము తప్పులు దిద్దిన ఎఱ్ఱసిరా పెట్టినది. ప్రసంగ పీఠముపై నుండి అర్థముకాని మాటలు గుప్పించిన మావంటి చదువుకొన్నవారము పెట్టితిమి. వ్రాయుటయనగా తన గొంతు మూసి మరియొకని గొంతుతో మాటలాడుట అని జనులకు నేర్పితిమి. అట్టి పనిలో ఎవనికి సంతోషము కలుగును? పెండ్లికి అరువు తెచ్చుకొన్న చొక్కా తొడిగి రోజంతయు ఊపిరి బిగబట్టి కూర్చున్నట్లుండును.

ఇప్పుడు మీకు తెలిసిన ఒక పుస్తకము సంగతి చెప్పెదను. "యాత్రికుని ప్రయాణము" మన ఇండ్లలో అనేకులు చదివినారు, చదువనివారు ఆదివారపు బడిలో విన్నారు. దానిని వ్రాసిన జాన్ బనియన్ పండితుడు కాడు. 1628లో ఇంగ్లాండులోని బెడ్‌ఫర్డు దగ్గర పల్లెలో పుట్టెను. గిన్నెలకు మాట్లు వేయుట అతని తండ్రి పని, అతని పనియు అదే. అధికారుల అనుమతి లేక ప్రసంగించెనని 1660లో అతనిని చెరలో వేసిరి. ప్రసంగములు మానెదనని ఒప్పుకొన్న విడిచిపెట్టెదమనిరి, అతడు ఒప్పుకొనలేదు. పండ్రెండేండ్లు చెరలో ఉండెను. ఇంట భార్య, నలుగురు బిడ్డలు, వారిలో పెద్దపిల్ల గ్రుడ్డిది. చెరలో కూర్చుండి నాడాలు అల్లి వాటిని అమ్మించి ఇంటికి కూడు పంపెను.

అటువంటి స్థలములో అటువంటి మనుష్యుడు వ్రాసిన పుస్తకము ఎంత దుఃఖముగా పుట్టియుండునో అనుకొందుము. గాని ఆ పుస్తకము మొదట అతడే పద్యరూపమున పెట్టిన మనవి చదువుడి. అందులో తన పుస్తకము ఎట్లు పుట్టినదో దాపరికము లేక చెప్పుచున్నాడు. తాను వేరొక పుస్తకము వ్రాయుచుండగా ఈ యాత్ర కథ తలంపులోనికి జారి వచ్చెనట. ఒక తలంపు వ్రాయులోపల ఇరువది తలంపులు వచ్చెనట. ఇవి మొదటి పుస్తకమును మ్రింగివేయునేమోనని వీటిని వేరుగా పెట్టుకొని, తీరిక దొరికినప్పుడెల్ల వ్రాసికొనెనట. ఎవనికొరకు? పొరుగువాని మెప్పుకొరకు కాదని, తన మనస్సు తీరుటకే అని అతడే ఒప్పుకొనుచున్నాడు. చెడు తలంపులు దగ్గరకు రాకుండ ఆ వ్రాత తనను కాచెననియు చెప్పుచున్నాడు. నూలు తీయువాడు లాగినకొలది పోగు వచ్చినట్లు వచ్చెనట.

వ్రాసి ముగించి పదిమందికి చూపెను. అచ్చువేయుమని కొందరు, వద్దని కొందరు. భక్తి సంగతులను కథగా చెప్పుట తగదనియు, అది తేలిక మాట అనియు పెద్దమనుష్యులు ముఖము ముడిచిరి. అతడు ఇరుపక్షముల మాట విని, అచ్చువేసి చూచెదనని నిశ్చయించెను. 1678లో అది వెలువడెను. ఆ తరువాత రెండువందలకు మించిన భాషలలోనికి పోయెను, మన తెలుగులోనికిని వచ్చెను. ఆనాడు ముఖము ముడిచిన పెద్దల పుస్తకములు ఈనాడు ఎవరు చదువుచున్నారు? గిన్నెలకు మాట్లు వేసినవాడు సంతోషముగా వ్రాసినది మన అవ్వలకు తెలుసు.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు, అది నా చెవినిబడినదే. "తన సంతోషము కొరకు వ్రాయుట శరీరసంబంధమైనది, సేవ చేయువాడు తన్నుతాను ఉపేక్షించుకొనవలెను" అందురు. వినుటకు భక్తిగానే ఉన్నది. అయితే యోహాను తన మొదటి పత్రిక మొదటి అధ్యాయము నాలుగవ వచనమున తాను ఎందుకు వ్రాయుచున్నాడో చెప్పెను. సంతోషము నిండుటకే. ఇకనేమి, యోహానునుకూడ శరీరసంబంధి అందురా? నలువదియైదవ కీర్తన వ్రాసినవాడు తన హృదయము మంచి సంగతితో ఉప్పొంగుచున్నదనియు, తన నాలుక చురుకైన వ్రాతగాని కలమైనదనియు చెప్పలేదా? తన్నుతాను ఉపేక్షించుకొనుట అనగా ముఖము మాడ్చుకొని పనిచేయుట అని ఏ అపొస్తలుడు నేర్పెను? కానుక ఇచ్చువాడు సణుగక ఉత్సాహముగా ఇయ్యవలెనని పళ్లెము పట్టుకొని తిరుగునప్పుడు చెప్పు మనము, కలము పట్టువానికి మాత్రము సణుగుడే భక్తి అని ఎట్లు నేర్పుదుము?

భాష సంగతి కొంచెము నిలిచి మాటలాడవలెను, ఏలయనగా ఎక్కువమంది కలము అక్కడనే విరుగుచున్నది. మార్టిన్ లూథరు 1521లో వార్ట్‌బుర్గు కోటలో దాగియున్నప్పుడు క్రొత్త నిబంధనను జర్మను భాషలోనికి త్రిప్పనారంభించి, సుమారు పదునొకండు వారములలో ముగించెను. మాట ఎట్లు ఉండవలెనో ఎవరిని అడుగవలెనని 1530లో వ్రాసిన ఒక ఉత్తరములో చెప్పెను: ఇంటిలోని తల్లిని, వీధిలోని పిల్లలను, సంతలోని సామాన్యుని. గ్రీకు హెబ్రీ భాషలు నేర్చిన ఆచార్యుడు సంతకు పోయి చెవి ఒగ్గెను. మన దేశములో గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారు, 1940లో చనిపోవువరకు, జనులు మాటలాడు తెలుగులోనే వ్రాయవలెనని పోరాడిరి. కొండలలోని సవరల భాషకును నిఘంటువు కూర్చిరి. ఆయన క్రైస్తవుడు కాడు, గాని మన ప్రసంగీకులు అనేకులకంటె పేదవాని నోటిమాటను గౌరవించెను.

నీవు ఈ పాతకాలపు పుస్తక భాషలో వ్రాయుచు మాకు ఈ బోధ ఏల అని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. చిన్నప్పటినుండి తెలుగు బైబిలు వల్లించి వల్లించి నా చేతికి ఈ నుడికారము పట్టినది. ఇందులో నాకు ఇంటిలో ఉన్నంత సుఖము. మీకు మీ మాటలో ఆ సుఖము ఉన్నయెడల మీ మాటలోనే వ్రాయుడి. గుంటూరువాడు గుంటూరు మాట వ్రాయునుగాక, పాలమూరువాడు పాలమూరు మాట వ్రాయునుగాక. అవ్వ "వచ్చిండు" అన్నయెడల "వచ్చెను" అని దిద్దకుడి. మీరు దిద్దిన వెంటనే అవ్వ లేచి వెళ్లిపోవును, పుటమీద మీరొక్కరే మిగులుదురు.

ఒంటరిగా వ్రాయవలెనను నియమము ఎవరు పెట్టిరో నాకు తెలియదు. పరిశుద్ధ గ్రంథములో అది లేదు. యిర్మీయా నోట చెప్పగా బారూకు సిరాతో వ్రాసెను. రోమీయులకు వ్రాసిన పత్రికను పౌలు చెప్పగా తెర్తియు వ్రాసెను. వ్రాయుచు వ్రాయుచు చివరలో తన వందనము కూడ చేర్చెను. పనిలో ఉత్సాహము లేనివాడు ఆ వందనము చేర్చునా? లూథరు పాత నిబంధనను త్రిప్పునప్పుడు స్నేహితులను కూర్చుకొనెను. యోబు గ్రంథము దగ్గర ముగ్గురు పండితులు కూర్చుండి నాలుగు దినములలో మూడు పంక్తులు ముగించుటయే కష్టమాయెనని అతడే చెప్పుకొనెను. ఒంటరివాడైతే ఆ రాతికి తల కొట్టుకొని లేచిపోయెడివాడు. మన తెలుగునకు వత్తము: 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజస్ అను మిషనరీలు సువార్తలను తెలుగులోనికి త్రిప్పుటకు ఆనందరాయరు అను మన దేశస్థుడు తోడ్పడెను. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజస్ 1810లోను చనిపోయిరి. కూడి చేసిన పని గనుక వారితోకూడ సమాధిలోనికి పోలేదు. మూడు సువార్తలు ఆ తరువాత శ్రీరాంపురములో అచ్చయినవి. పైన చెప్పిన క్లౌ దొరగారి జీవితకథయు ఆయన నోట చెప్పగా భార్య వ్రాసినదే. ఆయన 1910లో చనిపోగా 1914లో వెలువడెను. చెప్పువారు ఒకరు, వ్రాయువారు ఒకరు: మన పల్లెలకు ఇంతకంటె తగిన పద్ధతి ఏమున్నది? అవ్వకు అక్షరము రాదు, మనుమరాలికి కథ రాదు. ఇద్దరిని ఒక చాపమీద కూర్చుండబెట్టుడి.

బారూకు పేరు ఎత్తితిని గనుక ఒక సంగతి చెప్పక విడువలేను. యిర్మీయా నలువదియైదవ అధ్యాయము అయిదే వచనములు. అందులో వ్రాతగాడైన బారూకు అలసి మూలుగుచున్నాడు. తనకు దుఃఖము మీద దుఃఖము వచ్చెనని, నెమ్మది లేదని. దేవుడు అతనికి చెప్పిన ప్రత్యుత్తరము ఆశ్చర్యకరమైనది. సెలవు తీసికొమ్మని చెప్పలేదు. నీకొరకు గొప్పవాటిని వెదకుచున్నావా, వెదకకుము అనెను. మన నోటుబుక్కు మూడవ పుటలో ఆగిపోవుటకు కారణము అక్కడ దొరకును. మొదటి పుట వ్రాయుచుండగానే మనస్సు ముందుకు పరుగెత్తి, అచ్చు, అట్టమీద పేరు, ఆవిష్కరణ సభ, శాలువ, దండ, ఇవన్నియు చూచివచ్చును. అక్కడనుండి తిరిగి వచ్చి కాగితము చూచినప్పుడు కాగితము చప్పగా ఉండును. శాలువ రుచి మరిగినవానికి వాక్యము రుచించదు. ఇది అలసట కాదు, ఆశాభంగము.

అయితే వ్రాతలో కష్టమే లేదని నేను చెప్పుట లేదు. బారూకు వ్రాసిన మొదటి చుట్టను యెహోయాకీము రాజు మూడు నాలుగు వరుసలు చదువగానే చాకుతో కోసి కుంపటిలో వేసెను. మరియొక చుట్ట తీసికొని అంతయు మరల వ్రాసిరి. మొదటిదానికంటె ఎక్కువగానే వ్రాసిరి. 1812 మార్చి 11వ తేదీన శ్రీరాంపురములో విలియం కేరీ గారి ముద్రాలయము అగ్నిపాలై, ఏండ్ల తరబడి కూర్చిన వ్రాతప్రతులును అచ్చు అక్షరములును కాలిపోయినవి. ఆయన మరల కూర్చుండెను. 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. శాలువ కొరకు వ్రాయువాడు ఆ బూడిదను చూచి ఇంటికి పోయియుండును. పనిని ప్రేమించినవాడే రెండవమారు కూర్చుండగలడు.

వరినాట్ల దినములలో చేనిలో ఏమి వినబడును? పాట. పాటచేత బురద తగ్గదు, ఎండ తగ్గదు, నడుము నొప్పి తగ్గదు. గాని పొద్దు గూకువేళకు మడి నిండును. పాట మాన్పించి, "నాట్లు పవిత్రమైన పని, మూతి బిగించి వేయుడి" అని చెప్పు ఆసామిని మీరెక్కడైన చూచితిరా? ఉండడు, వానికి పైరు కావలెను. సంఘములో మాత్రము అటువంటి ఆసాములము చాలమందిమి ఉన్నాము.

ఇక ఎట్లు వ్రాయవలెనో చెప్పెదను. పుట్టుకతో మొదలుపెట్టకుడి. మీకు ఏ కథ చెప్పవలెనని నాలుక దురదగా ఉన్నదో దానితో మొదలుపెట్టుడి. బావి తగవైతే బావి తగవు. వరుస తరువాత కూర్చుకొనవచ్చును, కుట్టు విప్పి కుట్టుకొనవచ్చును. రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత అరగంట చాలును. కథ నడుమ, తరువాతి మాట ఏదో తెలిసియుండగనే ఆపివేయుడి. మరునాడు ఆ మాటయే మిమ్మును చేయిపట్టి కూర్చుండబెట్టును. వ్రాసినది ఇంటిలో ఒకరికి బిగ్గరగా చదివి వినిపింపుడి. వారు ఎక్కడ ఆవులించిరో అక్కడ కొట్టివేయుడి. నా ఎరుకలో దీనికంటె మంచి సంపాదకుడు లేడు. గృహ ప్రార్థనలలో ఒక పుట చదువుడి. వినువారిలో ఎవరో లేచి "అట్లు కాదు, ఆ దినమున నేనును అక్కడ ఉన్నాను" అందురు. అప్పుడు కోపపడకుడి. మీ పుస్తకమునకు రెండవ సాక్షి దొరికెను.

మీ మనుమని చేతిలో సెల్‌ఫోను ఉన్నది గదా. రోజంతయు అందులో ఏమేమో చూచుచున్నాడని సణుగుట మాని, అవ్వ మాట అందులో పట్టుమని చెప్పుడి. అవ్వ దగ్గును, నడుమ కోడిని అదలించుటయు అన్నియు పడనిండి. తరువాత ఆదివారపు బడి పిల్లలు విని కాగితము మీద ఎక్కింతురు. బాప్తిస్మపు రిజిస్టరులు, సమాధుల మీది తేదీలు, పాత కానుకల లెక్కలు, ఇవి ఓర్పుతో చూడవలసిన పని. అందరికి అది రుచింపదు, రుచింపనివానిమీద మోపకుడి. ప్రతి సంఘములోను లెక్కలయందు ఆసక్తిగల ఒక మాష్టరుగారు ఉందురు. ఆయనకు చెదలు తిన్న రిజిస్టరు ఒకటి ఇచ్చిచూడుడి, పండుగ చేసికొనును.

సంతోషము కొరకని లేనిది చేర్చకుడి. లూకా మొదటినుండి అన్నిటిని తరచి తెలిసికొని వ్రాసితినని తన సువార్త ఆరంభమున చెప్పెను. తరచుటలోనే ఒక ఆనందమున్నది. పోయిన మేకను అడుగులు చూచుచు వెదకువానికి తెలుసు. తగవులను, చీలికలను దాచవలెనా అని కొందరు అడుగుదురు. దావీదు పాపమును దాచని గ్రంథము మన చేతిలో నున్నది. బ్రదికియున్నవారిని గాయపరచునది ఉన్నయెడల పేరు విడిచి సంగతి వ్రాయుడి. అంతేగాని, కలతలు లేని సంఘపు కథను కల్పింపకుడి; దానిని వ్రాయుచుండగా మీకే నిద్ర వచ్చును.

అచ్చు సంగతి ఇప్పుడు తలంపకుడి. నోటుబుక్కు ఒకటి నిండిన తరువాత చూచుకొందము. ప్రతులు రెండు చేసి ఒకటి గుడి బీరువాలోను, ఒకటి ఎవరి ఇంటిలోనైనను ఉంచిన చాలును. బనియన్ తన పుస్తకమును మొదట అచ్చుకొరకు వ్రాయలేదని పైన చెప్పితిని గదా.

వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మీ సంఘములో అందరికంటె పెద్ద వయస్సుగల తల్లి ఎవరో చూచి, ఆమె ప్రక్కన కూర్చుండుడి. ఒక్కసారి "సంఘ చరిత్ర చెప్పుమమ్మా" అన్నయెడల, "నాకేమి తెలుసు నాయనా, పాస్టరుగారిని అడుగు" అని తప్పించుకొనును. అట్లు అడుగకుడి. "అవ్వా, నీ చిన్నతనములో క్రిస్మసుకు ఇంట ఏమి వండెడివారు?" అని అడుగుడి. బెల్లము ఎవరు తెచ్చిరో, పిండి ఎవరి రోట దంచిరో, ఆ రోలు ఇప్పుడు ఎవరి దొడ్డిలో ఉన్నదో ఆమె చెప్పనారంభించును. కలము మూత తీసి సిద్ధముగా ఉంచుకొనుడి.